ఐదు పడకల ప్లాను

"చోటు నువ్వే చూడు. నీ ఇష్టం," అన్నాడు మా ఆయన, నేను అప్పుడే తుడిచిన డైనింగ్ టేబుల్ మీద మోచేతులు ఆనించి. తడిగుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది.

"నీ ఇష్టం" అనే మాట మా ఇంట్లో ఊరికే వినపడదు. వినపడిందంటే దాని వెనకాల ఏదో పని నడిచి వస్తోందని అర్థం. టీవీలో ఏం చూడాలన్నది నా ఇష్టం కాదు, సోఫా ఏ గోడకి ఆనాలన్నది నా ఇష్టం కాదు, ఆదివారం ఎవరింటికి వెళ్లాలన్నది అసలే కాదు. కానీ పిల్లల టీచరుతో ఎవరు మాట్లాడాలి, కారుతున్న కుళాయికి మనిషిని ఎప్పుడు పిలవాలి, అత్తయ్య మోకాళ్ల డాక్టరు దగ్గర ఎవరు కూర్చోవాలి, ఇవన్నీ పూర్తిగా నా ఇష్టమే. పద్నాలుగేళ్లుగా ఈ ఇష్టాలన్నీ నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాను. ఏడాదికోసారి సముద్రం ఒడ్డున టెంటు వేసుకుని నాలుగు రోజులు ఉండి రావడం మా ఇంటి అలవాటు. మాకు దగ్గర్లోని పెద్ద నగరం దాటాక ఒడ్డు పొడవునా క్యాంపులున్నాయి. వాటిలో ఏది మంచిదో చూసి రావడం, సామాను సర్దడం, అక్కడ వండటం, తోమడం, తిరిగొచ్చాక ఇసుక దులపడం, అన్నీ కలిపి మా వాళ్లు 'హాలిడే' అంటారు.

"పోయిన ఏడాదిలా చేయకు వదినా," అని నవ్వాడు మా మరిది, ఫోను లోంచి తల ఎత్తకుండా.

ఆ నవ్వుకి నా ఒళ్లు మండింది. పోయిన ఏడాది ఏం జరిగిందో ఆ టేబుల్ చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. నేను నీటి సరఫరా ఆఫీసులో ప్లాన్లు గీస్తాను. నేల ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో చెప్పే గీతలు గీయడమే నా రోజువారీ పని. పదిహేడేళ్లుగా అదే చేస్తుంటే, నడుస్తున్నప్పుడు కూడా నీళ్లు ఎటు పోతాయో నా పాదాలకి తెలిసిపోతుంది. పోయిన ఏడాది టెంటు వేయబోయే చోటు చూడగానే, "ఇది పల్లం, వాన పడితే నీళ్లు నిలుస్తాయి, ఇంకో నలభై అడుగులు పైకి వెళ్దాం," అన్నాను. "ఆఫీసు బుద్ధులు ఇక్కడ వద్దు వదినా," అన్నాడు మరిది. "కారు పక్కనే ఉంటే సుఖం," అన్నాడు మా ఆయన. రెండో రోజు పొద్దున వాన పడింది. గంటలో చెప్పులు తేలాయి. తడిసిన పరుపుల మధ్య నిలబడి మా అత్తయ్య, "అయినా చోటు చూసింది నువ్వే కదమ్మా," అంది. ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే అలా గుర్తుపెట్టుకుంది. అప్పటికి మా ఆయన కూడా అలాగే గుర్తుపెట్టుకున్నాడు. నేను పరుపులు పిండటానికి బయటికి వెళ్లాను.

ఆఫీసులోనూ ఇదే వరస. మొన్నామధ్య ఒక వాటర్ ట్యాంకుకి స్థలం ఎంచింది నేను. మూడు గుట్టలు ఎక్కి దిగి, మూడు ప్లాన్లు గీసి, రెండోది సరైనదని రాసిచ్చాను. మీటింగులో మా ఇంజనీరు, "మేం అన్నీ పరిశీలించి ఈ గుట్ట ఎంచాం," అన్నాడు. ఆ 'మేం'లో నేను ఉన్నానేమో అని చూశాను. లేను. నా ప్లాను గోడకి తగిలించి ఉంది, దాని కింది మూల ఊడిపోతుంటే వేలితో నొక్కి పట్టుకోవడానికి నేను ఉన్నాను. సెలవు చీటీ ఇచ్చినప్పుడు ఆయన, "సముద్రానికా? హాయిగా రెస్టు తీసుకోండి. అదృష్టవంతులమ్మా మీరు," అన్నాడు. రెస్టు అన్న మాట విని పక్క టేబుల్ టైపిస్టు నా వైపు చూసింది. ఆమెకీ పెళ్లయింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఈసారి నాకు ఒకటే పట్టుదల. ఆ నాలుగు రోజుల్లో ఒక్క పూటైనా కూర్చుని సముద్రం చూడాలి. చెబితే ఎవరూ నమ్మరు, పద్నాలుగేళ్లలో పద్నాలుగు సార్లు సముద్రానికి వెళ్లినదాన్ని సముద్రం సరిగ్గా చూడలేదు. వినడం మాత్రం విన్నాను, గిన్నెల చప్పుడు మధ్యలో.

శనివారం పొద్దున్నే బస్సెక్కాను. పర్సులో మా వాళ్ల కోరికల చిట్టా ఉంది. అత్తయ్యకి బాత్రూము దగ్గరగా ఉండాలి, మధ్యలో మెట్లుండకూడదు. మా ఆయనకి మధ్యాహ్నం నీడ, గాలి. మరిదికి ఛార్జింగు పెట్టుకునే ప్లగ్గు. పన్నెండేళ్ల అమ్మాయికి వెలుతురు, చదువుకోవడానికి. ఎనిమిదేళ్ల అబ్బాయికి బాబాయి పక్కన మంచం. మొదటి క్యాంపు రోడ్డుని ఆనుకుని ఉంది, లారీలు టెంట్లోంచే వెళ్తున్నంత రొద. రెండోది బాగానే ఉంది, చెట్లున్నాయి, శుభ్రంగా ఉంది. అక్కడ చుట్టూ తిరిగి ఒకచోట ఆగి, 'ఇది బాగుంది' అనుకున్నాను. ఎందుకు బాగుంది అని నన్ను నేను అడిగాను. నాకు రెండడుగుల దూరంలో కుళాయి ఉంది, దాని కింద గిన్నెలు తోముకోవడానికి సిమెంటు గట్టు ఉంది. వెనక్కి తిరిగి చూస్తే సముద్రం బాత్రూముల గోడ వెనకాల ఉంది.

అక్కడే నిలబడిపోయాను. పద్నాలుగేళ్లుగా నేను ఎంచిన ప్రతి చోటూ కళ్లముందు తిరిగింది. అన్నిట్లోనూ కుళాయి దగ్గరే, సముద్రం ఎక్కడో. ఎవరూ నన్ను కుళాయి దగ్గర నిలబడమని చెప్పలేదు. నేనే వెతుక్కుని మరీ వెళ్లి నిలబడ్డాను. అది తెలిశాక మా ఆయన మీద వచ్చిన కోపం కంటే నా మీద నాకొచ్చిన కోపం ఎక్కువ. ఆ క్యాంపు వాడికి ఏమీ చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

మూడో క్యాంపు నగరానికి బాగా అవతల, ఒడ్డు కాస్త వంపు తిరిగే చోట ఉంది. గేటు పక్కన చెక్క గదిలో, కళ్లజోడుని తాడుతో మెడలో వేసుకున్న పెద్దావిడ టెంటు జిప్పుకి కొవ్వొత్తి ముక్క రుద్దుతోంది. క్యాంపు మొత్తం చూసుకునేది ఆవిడే.

"ఇసుక పట్టేస్తే జిప్పు కదలదమ్మా. మైనం రుద్దితే దారికొస్తుంది," అని, జిప్పు రెండుసార్లు లాగి చూసి, "ఎంతమంది?" అంది.

"ఆరుగురం."

"మా పద్ధతులు ముందే చెప్పేస్తా. తర్వాత నా మీద ఒంటికాలి మీద లేవకూడదు. టెంట్లలో స్టవ్వు వెలిగించకూడదు. వండుకునేవాళ్లకి ఆ చివర షెడ్డుంది, ఓపిక లేనివాళ్లకి క్యాంటీనుంది. ప్రతి టెంటుకీ ఒకరు బాధ్యులుగా ఉంటారు. రోజూ మంచినీళ్లు మోసుకురావడం, టెంటు ఊడ్చడం, పోయేటప్పుడు మడిచి, మేకులన్నీ చూసి అప్పగించడం, అన్నీ వాళ్లే. మీరొచ్చే సరికి మంచాలు వేసి ఉంచుతాం. ఎవరిది ఎక్కడ కావాలో ఈ కాగితం మీద గీసివ్వండి. గీయడం రాకపోతే నోటితో చెప్పండి, నేను గీస్తా."

"వచ్చు," అన్నాను. కాస్త గర్వంగానే అన్నాననుకుంటా.

టెంటు కొలతలు అడిగి, చిన్న స్కేలు తీశాను. నా బ్యాగులో స్కేలు, పెన్సిలు ఎప్పుడూ ఉంటాయి. చుట్టూ గోడలు, కిటికీలు, తలుపు, ప్లగ్గు. బాత్రూము వైపు అత్తయ్య మంచం. కిటికీ దగ్గర మా ఆయనది. ప్లగ్గు దగ్గర మరిది, అతని పక్కన అబ్బాయి, వెలుతురు పడే మూల అమ్మాయి. మంచానికీ మంచానికీ మధ్య నడవడానికి రెండడుగులు. గీతలు చక్కగా వచ్చాయి. పేర్లు కూడా రాసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కొవ్వొత్తి ముక్కతో ఒక్కో మంచాన్నీ తాకుతూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఆరుగురన్నారు. ఐదే ఉన్నాయి."

కాగితం లాక్కుని చూశాను. ఐదే ఉన్నాయి. అత్తయ్య, ఆయన, మరిది, ఇద్దరు పిల్లలు. పదిహేడేళ్ల ఉద్యోగంలో నా ప్లానులో ఒక్క వాల్వు కూడా జారిపోలేదు. నా గీతల్లో తప్పు దొరకదని మా ఇంజనీరే అందరితో చెబుతాడు. అలాంటిదాన్ని, నా చేత్తో నేనే గీసిన టెంట్లో నేను లేను. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆవిడ ఏమైందని అడగలేదు, జిప్పు పని మొదలుపెట్టింది. కాసేపయ్యాక, "ఈ తలుపు దగ్గర ఇంకోటి ఇరికించొచ్చు. కాస్త కాళ్లు ముడుచుకోవాలి మరి," అంది.

రబ్బరు తీశాను. తలుపు దగ్గర స్థలం కొలిచాను. నిజమే, ఇరికించొచ్చు. అందరూ నన్ను దాటుకుని లోపలికీ బయటికీ తిరగొచ్చు. మంచినీళ్లు కావాలంటే చేత్తో తట్టి లేపడానికి కూడా వీలుగా ఉంటుంది. పెన్సిలు కాగితం మీద ఆన్చి, అంతలోనే ఎత్తేశాను.

"ఒక్కరు పట్టే టెంట్లుంటాయా మీ దగ్గర?"

ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది. "ఒకటే ఉంది. ఆ దిబ్బ మీద. గాలెక్కువ, కుళాయి దూరం. ఎవరూ అడగరు."

వెళ్లి చూశాను. దిబ్బ నాలుగు వైపులా వాలి ఉంది, ఎంత వాన పడ్డా చుక్క నీరు నిలవదు. ముందు సముద్రం తప్ప ఇంకేమీ లేదు. కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, చివరి బస్సుకి ముందు బస్సు అందుకోవాలని గుర్తొచ్చేదాకా. తిరిగొచ్చి ఆవిడతో, "ప్లాను సరిగ్గానే ఉంది, ఐదు మంచాలే వేయండి. ఆ చిన్న టెంటు నాకు," అన్నాను. రెండు ఫారాలు నింపాను. చిన్న టెంటు బాధ్యురాలి దగ్గర నా పేరు రాశాను. పెద్ద టెంటు దగ్గర అలవాటు కొద్దీ నా పేరులో మొదటి అక్షరం పడింది. దాన్ని కొట్టేసి, మా ఆయన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, ఆఫీసులో ప్లాన్ల మీద రాసే అందమైన అక్షరాలతో రాశాను. అడ్వాన్సు కట్టి రసీదు, ఫారాల కాపీలు తీసుకున్నాను. ఇక వెనక్కి తిరిగేది లేదు.

ఆదివారం సాయంత్రం టీలయ్యాక, ఇంటికొచ్చి మళ్లీ గీసుకున్న ఆ ప్లాను టేబుల్ మీద పరిచాను. చిన్న టెంటు గీసిన రెండో కాగితం ఒళ్లో పెట్టుకున్నాను. ముందే చెప్పెయ్యొచ్చు. కానీ చూడాలనిపించింది, ఎవరు అడుగుతారో, ఏమడుగుతారో.

"బాత్రూముకి మెట్లున్నాయా అమ్మాయ్?" అంది అత్తయ్య.

"లేవత్తయ్యా. ఇరవై అడుగులు, చదునుగా ఉంది."

"ప్లగ్గు?" అన్నాడు మరిది.

"నీ తల దగ్గరే."

అబ్బాయి బాబాయి పక్కన తన పేరు చూసుకుని గెంతాడు. మా ఆయన కాగితాన్ని తన వైపుకి తిప్పుకుని, తన మంచాన్నీ కిటికీనీ చూసుకుని, మెచ్చుకోలుగా తలాడించాడు. "బాగుంది. అన్నీ భలే కుదిర్చావు. కానీ ఒకటి మర్చిపోయావు."

ఆ ఒక్క క్షణం నేను ఆయన్ని క్షమించడానికి సిద్ధంగా ఉన్నాను.

"స్టవ్వు ఎక్కడ పెడతావో గీయలేదు," అన్నాడు.

టేబుల్ చివర కూర్చున్న అమ్మాయి మాత్రం వేలు పెట్టి మంచాలు లెక్కపెడుతోంది. "అమ్మా, నీ మంచమేది?"

మా ఆయన నవ్వి దాని తల నిమిరాడు. "అమ్మకేముందే. ఎక్కడో ఒకచోట సర్దుకుంటుందిలే."

"సర్దుకోను," అన్నాను.

గొంతు పెంచలేదు. ఒళ్లోని కాగితం తీసి మొదటి కాగితం పక్కన పెట్టాను. దిబ్బ, దాని చుట్టూ ఎత్తు చూపే గీతలు, పైన చిన్న టెంటు, అందులో ఒక్క మంచం, నా పేరు. "నేను ఇక్కడుంటాను. నాలుగు రోజులూ."

"ఒక్కదానివా? మతుండే మాట్లాడుతున్నావా?" అన్నాడు మా ఆయన. "నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"అనుకోనివ్వండి. నేను సముద్రం చూస్తుంటాను, నాకు వినపడదు."

"మరి వంటో?" అంది అత్తయ్య, ఈసారి నిజంగా కంగారుపడుతూ.

"అది టెంటు బాధ్యుల్ని అడగాలత్తయ్యా. వండుతారో, క్యాంటీనుకి తీసుకెళ్తారో వాళ్ల ఇష్టం." ఫారం ఆవిడ ముందుకి జరిపాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని కొడుకు పేరు పైకి చదివింది, ఇంటిపేరుతో సహా. మరిది ఫోను లోంచి తలెత్తడం ఆ రోజు మొదటిసారి చూశాను.

మా ఆయన ఫారం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వెనక వైపు బాధ్యులు చేయాల్సిన పనులు అచ్చు వేసి ఉన్నాయి. అవి చదువుతుంటే ఆయన ముఖంలో రంగులు మారాయి. నాకు జాలి వేయలేదు. వేస్తుందేమోనని భయపడ్డాను కానీ వేయలేదు.

అమ్మాయి రెండో కాగితాన్ని తన దగ్గరికి లాక్కుంది. "అమ్మా, నీ టెంట్లోకి నేను రావచ్చా?"

"రావచ్చు. బయట నిలబడి పిలవాలి. నేను రమ్మంటే లోపలికి రావాలి."

"తలుపేదీ మరి? నువ్వు గీయలేదు."

నిజమే, అదొకటి మిగిలిపోయింది. బ్యాగులోంచి పెన్సిలు తీసి, దాని కళ్లముందే, సముద్రం వైపుకి తలుపు గీశాను.