హార్లాన్ బండికి కొత్త టైర్లు

నవంబరులో గుర్రం వెల్లకిలా పడిపోతే, దాని కింద నలిగి మా ఆయన హార్లాన్ తుంటి నుజ్జయింది. కుడికాలిలో స్పర్శ పోయింది. వారానికి రెండుసార్లు చికిత్సకు మైల్స్ సిటీ దాకా, ఎనభై మైళ్ళు, నేనే పికప్ నడిపేదాన్ని. అతను పక్క సీట్లో కూర్చుని నా కాళ్ళకేసే చూసేవాడు. ఎక్కడ వేగం తగ్గించాలో, ఏ గుంట తప్పించాలో చెబుతూనే ఉండేవాడు. స్టీరింగు నా చేతుల్లో ఉన్నా బండి అతనిదే. నేను అతని కుడికాలిని, అంతే.

మార్చి నెలాఖరుకి టైర్లు పూర్తిగా అరిగిపోయాయి. చికిత్స అయ్యాక ఓర్విల్ కొట్టుకి వెళ్ళాం. ఇరవయ్యేళ్ళుగా మాకు టైర్లు వేస్తున్నది అతనే. రెండు టైర్లు దొర్లించుకొచ్చి నా ముందు నిలబెట్టాడు.

"ఇది బురద టైరమ్మా. దిమ్మలు పెద్దవి, సందులూ పెద్దవే. మట్టిని విసిరేస్తుంది. కానీ తారు రోడ్డెక్కితే చెవులు గింగురుమంటాయి, గడ్డకట్టిన రోడ్డు మీద జారుతుంది. ఇది అన్ని నేలలకీ పనికొచ్చేది. టైరు పక్కన మంచు రేకు బొమ్మ ఉంది చూడు, చలికాలంలో పట్టు ఉంటుంది. రెండూ పది ప్లై, అంటే పది పొరల గట్టివి. పశువుల ట్రెయిలర్ లాగినా బెదరవు."

"బురదవే వెయ్యి," అన్నాడు హార్లాన్, చంకకర్రల మీద ఆనుకుని.

"ఎక్కువ ఎక్కడ తిరుగుతారు?"

"ఇంకెక్కడ? మిస్సోరీ నది పక్క లోయల్లో, ఆవుల వెనకాల."

"నిన్నడగలేదయ్యా. నడిపే మనిషిని అడిగా."

కాఫీ తాగుతున్న ఇద్దరు నవ్వారు. హార్లాన్ చెవులు ఎర్రబడ్డాయి. వందలో తొంభై మైళ్ళు తారు రోడ్డేనని నాకు తెలుసు. ఆ మాట అంటే, ఇక నువ్వు ఆ లోయల్లోకి దిగవు అని అందరి ముందూ చెప్పినట్టే. అయినా అనేశాను.

"అన్ని నేలలవే వెయ్యి, ఓర్విల్."

"ఎవర్నడిగి?" అన్నాడు హార్లాన్.

"బ్రేకు తొక్కేదాన్ని అడిగి."

నోరు జారింది. ఓర్విల్ అన్ని నేలల టైర్లే బిగించాడు.

డెబ్బై మైళ్ళు అతను కిటికీకేసి తిరిగే కూర్చున్నాడు. దారిలో వాన మొదలైంది. తారు రోడ్డు వదిలి మా మట్టిదారి పట్టేచోట ఆగిపోవాల్సింది. రాత్రి నేల గడ్డకట్టాక వెళ్ళొచ్చు. కానీ నా టైర్లు ఏపాటివో చూపించాలని పంతం. నాలుగు మైళ్ళు లాగించాను. ఆ తర్వాత బంకమట్టి టైర్ల గాడులన్నీ నింపేసింది. బండి నా మాట వినడం మానేసి, మలుపులో పక్కకి జారి, గట్టుకి ఆనుకుని ఇరుసుదాకా దిగబడింది.

అతని వైపు తలుపు గట్టుకి నొక్కుకుపోయింది. ఫోనుకి సిగ్నల్ లేదు. నా వైపు నుంచి దిగితే అడుగు తీసినప్పుడల్లా బూటు ఊడి మట్టిలోనే ఉండిపోతోంది. ఐదు మైళ్ళు అలా నడవలేను. నడవగలిగినా అతన్ని ఒంటరిగా వదల్లేను. మళ్ళీ ఎక్కి కూర్చున్నాను. 'నేను చెప్పలేదూ' అనే మాట కోసం ఎదురు చూశాను.

అనలేదు. గంట గడిచాక, తల తిప్పుకునే, "ఆ ఫ్లాస్కు ఇటివ్వు. ఒంటికొస్తోంది, ఆపుకోలేను," అన్నాడు.

కాఫీ బయట పారబోసి ఫ్లాస్కు పట్టుకున్నాను. అతను కళ్ళు మూసుకున్నాడు. పని అయ్యాక తెరిచి, మెల్లగా అన్నాడు.

"బురద టైర్లయినా ఇక్కడ దిగబడేవే, నోరీన్. ఈ మలుపులో నేనే రెండుసార్లు దిగబడ్డాను. నీకు చెప్పలేదు."

"మరి అక్కడ ఎందుకంత మంకుపట్టు?"

"బురద టైర్లు ఉన్నంతకాలం ఈ బండి నాదే అనుకున్నా."

నాకు జాలి కలగాలి. కోపమే వచ్చింది. "నీ కాలుగా బతకడం నావల్ల కావట్లేదు, హార్లాన్. చెయ్యను అనడం లేదు. కావట్లేదు అంటున్నా."

"నాకు మాత్రం బాగుందా?" అన్నాడు. ఐదు నెలల్లో మొదటిసారి అతని చెయ్యి నా చేతిని వెతుక్కుంది. అద్దాల మీద ఆవిరి పట్టి బయటేమీ కనిపించలేదు.

సాయంత్రం అటుగా వచ్చిన పక్క పొలం ఆయన, డ్యూయీ స్ట్రో, మమ్మల్ని చూసి ట్రాక్టరు తెచ్చి లాగాడు. "కొత్త టైర్లకి మట్టి రుచి చూపించారన్నమాట," అన్నాడు. హార్లాన్, "నేనే ఈ దారిన పొమ్మన్నా," అన్నాడు. అబద్ధం. నేను దిద్దలేదు.

తర్వాతి వారం మైల్స్ సిటీలో, ఎడమకాలితో తొక్కే యాక్సిలరేటర్ పెడల్ బిగించే వాళ్ళెవరైనా ఉన్నారా అని ఓర్విల్‌ని హార్లానే అడిగాడు. ఉన్నారట. ఆరు వారాలు పడుతుందట. ఆ ఆరు వారాలూ నేనే నడిపాను. ఏ గుంట తప్పించాలో చెప్పడం అతను మానలేదు. కాకపోతే ఇప్పుడు నా కాళ్ళకేసి కాక రోడ్డుకేసి చూసి చెప్పేవాడు.