బల్ల అంచున సుద్దగీత

ఇలా రావే తల్లీ, నా పక్కకు జరుగు. ఆ పెన్ను కాసేపు కింద పెట్టు. డాక్టరు సీటు వస్తుందా రాదా అని పొద్దున్నుంచీ కూడుతూ తీసేస్తూ కూర్చున్నావు, ముఖం వడిలిపోయింది. నీలాగే లెక్కలేసుకున్న ఒక పిల్ల సంగతి చెబుతాను. గోడకి ఆనుకో. అలా.

అప్పట్లో మన వీధి మలుపులో ఒక కుట్టు దుకాణం ఉండేది. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. మధ్యలో తలుపైతే ఉండేది గానీ దాన్ని ఎవరూ వేసిన పాపాన పోలేదు. తండ్రి గుడ్డ కత్తిరించేవాడు, కొడుకు మిషన్ తొక్కేవాడు, తల్లి గుమ్మంలో వెలుతురుకి కూర్చుని కాజాలు కుట్టేది. కూతుర్ని అందరూ బొత్తాం అని పిలిచేవాళ్ళు. పాకే వయసులో కోటు బొత్తాం ఒకటి మింగేసిందట. ఇల్లంతా గగ్గోలు. ఎత్తుకుని పరిగెత్తితే డాక్టరమ్మ పిల్ల పొట్ట నిమిరి, "కంగారేం లేదు, రేపో ఎల్లుండో మీ బొత్తాం మీకు తిరిగొస్తుంది, కడిగి కుట్టుకోండి" అందట. ఏడుస్తూ వెళ్ళినవాళ్ళు నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఆ కథ ఇంట్లో వినీ వినీ ఆ పిల్ల మనసులో ఒకటే నాటుకుపోయింది. తనూ అలాంటి డాక్టరమ్మ కావాలి. బడి నుంచి వస్తూ ఆసుపత్రి గోడ పక్కన కాసేపు ఆగి, ఆ మందుల వాసన పీల్చుకుని గానీ ఇంటికొచ్చేది కాదు.

సరే, పరీక్ష రాసింది. పేపర్లో జవాబులు పడ్డాయి. బొత్తాం కటింగ్ బల్ల దగ్గర నిలబడే సరిచూసుకుంది. ఆ బల్ల అంచు పొడవునా పాత కొలతల టేపు ఒకటి మేకులతో కొట్టి ఉండేది. నిరుడు ఆఖరి సీటు ఎన్ని మార్కులకి దొరికిందో లెక్క చూసి, తండ్రి టేపు అంకెల్నే మార్కులనుకుని అక్కడ నీలం సుద్దతో గీత గీశాడు. "ఇప్పుడు నీది గీయవే" అన్నాడు. బొత్తాం తెల్ల సుద్ద అందుకుంది. నీలం గీతకి ఆనీ ఆనకుండా ఒక గీత గీసింది. అనుమానం ఉన్న జవాబులన్నిటినీ తప్పుల్లోకి తోసేసి మరీ గీసింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ నీకొకటి తెలియాలి. ఆ ఇంట్లో సుద్దగీత జరిగితే ఎందుకు జరిగిందని ఎవరూ అడగరు. గీత జరిగిందంటే గుడ్డ తాలూకు మనిషి వచ్చి ఏదో చెప్పి వెళ్ళాడని అర్థం. నడుము వదులు చెయ్యమన్నాడనో, చేతులు పొట్టి చెయ్యమన్నాడనో. చూసినవాళ్ళు చూసినట్టే కత్తెర వెయ్యడమే. ఆ మిషన్ల చప్పుడులో ఎన్నని అడుగుతారు, ఎన్నని చెబుతారు? ఏళ్ళ తరబడి ఆ పద్ధతి ఒక్క చొక్కానీ పాడు చెయ్యలేదు. పిల్ల చదువు దగ్గరికొచ్చేసరికి కొంప ముంచబోయింది.

మర్నాడు బొత్తాం లేచి చూస్తే తెల్ల గీత వేలెడు వెనక్కి ఉంది. ముందురోజు సాయంత్రం బడి మాస్టారు ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చారు. ఈసారి పోటీ ఎక్కువని ఆయనే నాన్నతో చెప్పుంటారు అనుకుంది. అడగలేదు. ఆ వారంలోనే గీత ఇంకాస్త వెనక్కి పోయింది. తరవాత ఇంకాస్త. చివరికి రెండు గీతల మధ్య ఇస్త్రీ పెట్టె పట్టేంత జాగా అయింది. బొత్తాం ఆసుపత్రి వైపు నుంచి రావడం మానేసి, చుట్టు తిరిగి సందులోంచి రావడం మొదలుపెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరింది.

"ఎక్కడికే ఈ ఎండలో?" అంది తల్లి.

"కాలేజీకమ్మా. మందుల తయారీ చదువులో సీటిస్తామన్నారు కదా. సాయంత్రంలోపు అసలు సర్టిఫికెట్లు అప్పజెప్పాలి. ఒకసారి ఇచ్చాక మళ్ళీ వెనక్కివ్వరట."

తండ్రి కత్తెర ఆపాడు. "అదేమిటే, డాక్టరు చదువు ఫలితాలు ఇంకా రాలేదుగా?"

"వచ్చేదేముంది నాన్నా, నువ్వే చెప్పేశావుగా."

"నేనా? ఏం చెప్పాను?"

"నోటితో చెప్పాలా ఏమిటి? గీత జరిపావుగా. మాస్టారు నీతో ఏదో అనుంటారు."

"మాస్టారా! ప్యాంటుకి రెండు జేబులు చాలవు, మూడోది పెట్టమన్నాడాయన. అంతకంటే ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. నేను జరిపింది వేలెడే. ఏది కత్తిరించినా కుట్టుకి కాస్త వదులుతాం కదా, ఆ అలవాటు కొద్దీ వెనక్కి గీశాను." బల్ల అంచుకి వంగి చూసి నోరు తెరిచాడు. "ఓరి నాయనో, ఇంత దూరం ఎవరు లాగారు?"

మిషన్ చప్పుడు ఆగిపోయింది. అన్నగారు దారం ఉన్న సూదిలోకే మళ్ళీ దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్!"

"నువ్వు జరిపావని నాకేం తెలుసు నాన్నా? ఇది ఎప్పుడూ కాస్త ఎక్కువే ఊహించుకుంటుంది కదా అని... రెండు వేళ్ళు. అంతే."

"నీ వేళ్ళు తగలెయ్య, అరటిపళ్ళంత ఉన్నాయి!" అని భార్య వైపు తిరిగాడు. "నువ్వో?"

"నోట్లో సూదుంది, మాట్లాడకూడదు" అందామె.

"ఇప్పుడు మాట్లాడావుగా!"

సూది తీసి ఒళ్ళోని చొక్కాకి గుచ్చింది. "పిల్ల బోలెడు ఆశ పెట్టుకుని రేపు కుప్పకూలితే పట్టుకునేదెవరు, మీరా? అందుకని నేనూ కాస్త..."

"కాస్తంటే?"

బొటనవేలు, చూపుడువేలు బారగా చాపి చూపించింది.

బొత్తాం ముఖం ఎర్రబడింది. "మీకు ఏదో తెలిసే జరుపుతున్నారనుకున్నాను. ఎవరికీ ఏమీ తెలీకుండానే నా సీటు మింగేశారా?" అని అరిచి, అంతలోనే గొంతు తగ్గించింది. "నేనూ ముందే వదిలి గీశాలే."

తండ్రి స్టూలు మీద చతికిలబడ్డాడు. "నలుగురం నాలుగుసార్లు కుట్టుకి వదిలితే ఇంక గుడ్డేం మిగులుతుందే? చొక్కా కుట్టమంటే చేతిరుమాలు కుట్టాం!"

తడిగుడ్డతో తెల్ల గీత తుడిచేశాడు. భార్య తీసింది కలిపాడు, కొడుకు తీసింది కలిపాడు, తనది కలిపాడు. తెల్ల గీత వచ్చి నీలం గీతకి ఆనుకుంది. "మరి నువ్వు వదిలింది?"

"అవి ఒప్పులో తప్పులో నిజంగా తెలీదు నాన్నా."

అప్పుడాయన సుద్దముక్కని అడ్డంగా పడుకోబెట్టి, నీలం గీతకి అటూ ఇటూ మందంగా పూశాడు. "ఇదీ నీ కొలత. కాస్త ఇవతల, కాస్త అవతల. దీనికంటే కచ్చితంగా నేను చెప్పలేను."

"రాకపోతే? ఆ సీటూ పోతుంది, ఈ సీటూ పోతుంది."

"పోతుంది" అన్నాడాయన. దాచలేదు. "రాకపోతే మీ అమ్మ పక్కన కాజాలు కుడుతూ ఇంకో ఏడాది చదువుకుందువు గాని. నీ గుడ్డ ఇది. కత్తెర వేసేది నువ్వే."

బొత్తాం ఆ పూత మీదికి వంగింది. వేలితో తాకితే తెల్లగా అంటుకుంది. సంచీ తీసి మేకుకి తగిలించింది.

ఆ సాయంత్రం కాలేజీ మూసే వేళ దాకా ఆ గదిలో ఒక్కరూ గడియారం వంక చూడలేదు. తల్లి కుట్టిన బొత్తాలన్నీ తప్పువైపు పడ్డాయి, మర్నాడు కూర్చుని విప్పుకుంది.

ఫలితాలొచ్చాయి. ఆ ఏడు ఆఖరి సీటు గీత కూడా కాస్త పైకి జరిగింది. అయినా బొత్తాం తప్పుల్లోకి తోసేసినవాటిలో సగానికి సగం ఒప్పులే అయ్యాయి. చిట్టచివర, గుడ్డ అంచున కుట్టు పడ్డట్టు, సీటు పడింది. అన్నగారు వీధిలోకి ఒక్క ఉరుకు ఉరికాడు. మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది, కాళ్ళకి చెప్పులు లేవు.

తండ్రి తెల్లకోటు కుట్టాడు. ఈసారి సుద్ద పట్టుకోలేదు. "సుద్దయితే ఎవరో ఒకరు జరుపుతారు" అని నీలం దారంతో కచ్చా కుట్టు వేసి కొలతలు పెట్టుకున్నాడు. లోపల ఎంత గుడ్డ వదిలాడంటే, పిల్ల వేసుకుని, "ఇది కోటా, పరుపా నాన్నా?" అంది.

"మార్కుల్లో వదలకూడదని తెలిసొచ్చింది. గుడ్డలో వదలొద్దని ఎవరన్నారు?" అన్నాడాయన.

ఆ కోటు ఎన్నాళ్ళు వచ్చిందో చెప్పలేను. బొత్తాం డాక్టరమ్మ అయింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఒళ్ళు చేసింది. చేసినప్పుడల్లా కుట్టు విప్పి కాస్త వదులు చేసుకునేవాళ్ళు. తండ్రి పోయాడు. ఆ దుకాణమున్న చోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఆఖరిసారి అన్నగారే కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతుంటే కుట్టు విప్పాడు. లోపలి మడత ఇంకా కొత్త గుడ్డలా తెల్లగా ఉంది. అందులో వంకర లేకుండా నీలం దారం.

"తీసెయ్యనా?" అన్నాడు.

బొత్తాం దాని మీద వేలుంచింది, ఆనాడు బల్ల మీద ఉంచినట్టే. "ఉండనీ అన్నయ్యా. అది మాత్రం జరపకు."

ఇదిగో తల్లీ, ఇంక నీ పెన్ను తీసుకో. మార్కులు తీసెయ్యాలనిపిస్తే ఒక్కసారే తీసెయ్యి, తీశానని ఇంట్లోవాళ్ళకి చెప్పు. వాళ్ళనీ అడుగు. ఈ బొత్తాం కథ మనసులో పెట్టుకో. రేపు నీ వెనకాల ఇంకెవరైనా ఇలా పెన్ను కొరుకుతూ కనబడితే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. ఆ ఇస్త్రీ పెట్టె ముక్క మరిచిపోకు. కుట్టుకి వదలాలి కదా అని కథలో మాత్రం ఏమీ తగ్గించకు.