గొలుసుల చప్పుడు

మా కాలేజీ వెనక అడవిలో, గొలుసులు వేలాడే ఇనప బుట్టల్లోకి పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్క్ విసిరే డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లందరం డిస్క్ అడుగున ఫోన్ నంబరు రాసుకుంటాం. పొదల్లో పోతే, దొరికినవాళ్లు ఫోన్ చేసి తిరిగిస్తారు. నా దగ్గరున్న నారింజరంగు డిస్క్ మీద మాత్రం ఒకప్పుడు శనివారాలు నాతో ఆడిన మార్నీ నంబరుంది. చదువైపోయి ఓరెగాన్ వెళ్లిపోతూ దాన్ని నా సంచిలో మరిచిపోయింది. నేనిక్కడే ల్యాబులో ఉద్యోగంలో చేరాను. ఆమెకి ఫోన్ చేయడానికి ఏనాడూ ధైర్యం చాలలేదు.

అందుకే పోయిన శనివారం ఏడో బుట్ట పక్కనున్న దిక్కుమాలిన దేవదారుల్లోకి దాన్ని కావాలనే విసిరేశాను. ఎవరికి దొరికినా ఫోన్ ఆమెకే వెళ్తుంది. నేనింకా ఇక్కడే ఆడుతున్నానని తెలుస్తుంది.

ఇవాళ కెమిస్ట్రీ చెప్పే హాలీ మేడమ్ ఆ డిస్క్ పట్టుకొచ్చింది.

“ఏమయ్యా, ఇది నీదట. నంబరుకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. శనివారాలు ఏడో బుట్ట దగ్గర చెట్లని తిట్టే మనిషికి ఇచ్చేయమంది. నువ్వు కాక ఇంకెవరుంటారు?”

“నేనేం తిట్టను. ఇంకేమంది?”

“బుట్టలోకి ఓసారి విసిరి, ఆ గొలుసుల చప్పుడు వినిపించమంది.”

“వినిపించారా?”

“నా చెయ్యి సంగతి తెలుసుగా, ఓ పట్టాన తగల్లేదు. తగిలేదాకా ఆ పిల్ల ఫోన్ పెట్టేయలేదు.”