సైడింగ్ గంట

బోధన్ స్టేషన్ పక్కన ఒకప్పుడు వ్యాగన్లలోకి చెరుకు ఎక్కించిన పక్కపట్టాల సైడింగ్‌ను ఇప్పుడు పార్కు చేశారు. చెరువులో పడవ ఎక్కాలన్నా, గుట్ట ఎక్కాలన్నా వచ్చినవాళ్లు ముందు అక్కడే దిగుతారు. రంగులు పూసిన డొక్కు వ్యాగన్, సిమెంటు చెరుకుగడలు, మధ్యలో గొలుసుకు వేలాడే రైలు పట్టా ముక్క. పక్కనే సుత్తె. పైన బోర్డు: "చరిత్రను మోగించండి! ఫొటో దిగండి!" అది రాసినవాడి చేతులు పడిపోను!

ఆ పట్టా ఆటవస్తువు కాదు. మా నాన్న గులాం, మేము అబ్బా అంటాం, ఆ సైడింగ్‌లో చెరుకు మోసిన హమాలీ. జట్టులో ఎవరైనా పోతే ఇంటివాళ్లు వెళ్లి ఆ పట్టాను కొట్టాలి, ఇంటింటికీ వెళ్లి పిలవరు. చప్పుడు వింటే జట్టువాళ్లు ముందున్న అన్నం వదిలేసైనా వచ్చి మోయాలి. పాడెనా, జనాజానా అని ఎవరూ చూసేవాళ్లు కాదు. చెరుకు రవాణా ఆగిపోయినా ఈ కట్టుబాటు ఆగలేదు.

పార్కు మేనేజరు సాయిరాంకు ఇదంతా అబ్బా స్వయంగా చెప్పాడు. "మస్తున్నది తాతా కథ! విజిటర్లు ఖుష్ అయితరు," అని వాడు నవ్వి, మర్నాడే పట్టాకు ఎర్రరంగు వేయించాడు.

మొన్న శుక్రవారం పొద్దున అబ్బా పోయాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "ఫోన్లు గీన్లు చెయ్యకు ఆఫియా. పట్టా కొట్టు. లింబాద్రి వస్తడు," అన్నాడు. జట్టులో మిగిలింది లింబాద్రి ఒక్కడే, నేను కాకా అని పిలుస్తాను. ఆయన ఇల్లు పార్కు గోడ అవతలే.

కొట్టాను. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను. పిక్నిక్ జనం నావైపు ఫోన్లు ఎత్తారు. ఒకామె, "కొంచెం జరుగమ్మా, మా పిల్లలు కూడా కొడతారు," అంది. నా ఒళ్లు మండిపోయింది.

"మా అబ్బా సచ్చిపోయిండు! సిగ్గులేదా మీకు?" అని అరిచాను.

ఆమె పిల్లల్ని లాక్కుని పోయింది. కాక మాత్రం రాలేదు. జుమ్మా నమాజు అయ్యాక చుట్టాలే అబ్బాను మోసుకుపోయారు.

సాయంత్రం సంగతి తెలిసి కాక మా గుమ్మంలోకొచ్చి కోపంతో ఊగిపోయాడు. "గులాం పోతే పట్టా ఎందుకు కొట్టలే? నేను గూడ సచ్చిననుకున్నవా?"

"కొట్టిన కాకా! నా చేతులు సూడు! నీకు ఇనవడలేదా?"

కాక నా అరచేతులు చూశాడు. "ఇనవడ్డది బిడ్డా. ఎవలో ఫొటో దిగుతున్నరనుకున్న. అన్నం తింటనే ఉన్న."

వెంటనే వెనుదిరిగాడు, నేనూ వెంట నడిచాను. ఇంటికెళ్లి ఇనుము కోసే రంపం తెచ్చి, పార్కులో అందరూ చూస్తుండగా గొలుసు కోయడం మొదలుపెట్టాడు. సాయిరాం పరుగెత్తుకొచ్చాడు.

"ఏం జేస్తున్నవ్ తాతా? అది విజిటర్ల కోసం పెట్టింది!"

కాక రంపం ఆపలేదు. "రేపు నేను సస్తే నీ విజిటర్లు మోస్తరారా నన్ను?"

గొలుసు తెగింది. పట్టా ఒక కొస కాక భుజాన ఎత్తుకున్నాడు, రెండో కొస నేను ఎత్తుకున్నాను.