చేప వరుస

మా అన్నయ్యా నేనూ ఒక్క మాట మీదికి వచ్చిన రోజు మా ఇంటి చరిత్రలో లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు ఆయన. అసలది కుందేలే కాదు పొమ్మంటాను నేను. అలాంటిది ఆయన పుస్తకం నేను పనిచేసే ప్రెస్సుకే వచ్చింది. పేజీలు పేర్చే పని నాదే. "అన్నాచెల్లెళ్ళు కాబట్టి పని చకచకా అయిపోతుంది," అన్నాడు మా యజమాని. పాపం, ఆయనకేం తెలుసు.

అన్నయ్యది ప్రొటీన్ల మీద పరిశోధన. పుస్తకం చివర మూడు పేజీల పటం ఒకటుంది. ఒకే ప్రొటీన్ మనిషిలో, ఎలుకలో, కోడిలో, కప్పలో, చేపలో ఎలా ఉంటుందో ఐదు వరుసల్లో, ఒకదాని కింద ఒకటి ఇంగ్లీషు అక్షరాలుగా పేర్చాలి. ఏ అక్షరానికి ఏ అర్థమో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. అక్షరం కింద అక్షరం నిలువునా తిన్నగా నిలబడేట్టు చూడటం నా పని. ఏ జంతువులోనైనా ఒక అక్షరం లేకపోతే అక్కడ చిన్న గీత పెట్టి ఖాళీ చూపాలి. ఐదింట్లోనూ ఒకే అక్షరం ఉన్నచోట నిలువునా నల్లరంగు వేయాలి. ఆ నల్లపట్టీలే పటానికి ప్రాణమట.

మొదట్లో నేను ముచ్చటపడి ఒక అందమైన ఫాంటులో పేర్చి పంపాను. వెంటనే ఫోన్ మోగింది.

"ఐ సన్నగా, డబ్ల్యూ లావుగా ఉంటే నిలువు ఎలా కుదురుతుందే? అన్ని అక్షరాలూ ఒకే వెడల్పుండాలి. ఇది పెళ్ళి శుభలేఖ అనుకున్నావా?"

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అని నేనూ అరిచాను. చేప వరుస దగ్గరైతే వారం రోజులు కొట్టుకున్నాం. ఖాళీ ఒకటి చాలని ఆయన, రెండుంటే చూడ్డానికి బాగుంటుందని నేను. చివరికి ఆయనే గెలిచాడు. గెలవడం ఆయన హక్కు కూడా, ప్రొటీన్ ఆయనది.

ఆ తర్వాత అన్నయ్య మెదడులో రక్తం గడ్డకట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక నడక వచ్చింది, మాట వచ్చింది. కానీ ఒక పూట ఉన్నట్టు మరో పూట ఉండడు. పొద్దున్న పేపరు చదివి ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోస్తాడు. మధ్యాహ్నానికి చెంచా చేతిలో పట్టుకుని దువ్వెన ఇదేనా అని వదిననడుగుతాడు. ఏ పూట మాటను నమ్మాలో మాకెవరికీ అంతుబట్టదు. కోలుకుంటారు గానీ ఎంతవరకో చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆ మాటకి అన్నయ్య డాక్టరునే తిట్టాడు. నాకేం కాలేదు, బుర్ర బ్రహ్మాండంగా పనిచేస్తోంది అని వాదించాడు.

అన్నయ్య సంతకం పెడితేగానీ పుస్తకం అచ్చుకు వెళ్ళదు. అందుకే ఆ రోజు లాప్‌టాప్, చిన్న ప్రింటరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీస్తూనే వదిన గుసగుసగా అంది, "ఈ పటం ఒక్కటి ఆయన సొంతంగా దిద్దితే చాలు చిట్టీ. మనిషి మనకి తిరిగొచ్చాడని ధైర్యం వస్తుంది." నా ఆశా అదే. పుస్తకం ఎలా పోయినా ఫరవాలేదు, నాకు మా అన్నయ్య కావాలి.

భోజనాల బల్ల మీద కాగితాలు పరిచాను. అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని స్కేలు తీసుకున్నాడు. మొదటి పేజీ బాగుందన్నాడు. రెండో పేజీలో కప్ప వరుస చివర అక్షరాల లెక్క చూపే అంకె తప్పని పట్టుకున్నాడు. లెక్కపెట్టి చూస్తే నిజంగానే తప్పు, అదీ నా తప్పు. తప్పు దొరికినందుకు అంత సంతోషం నాకు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు. వదిన కళ్ళు తుడుచుకుంది.

మూడో పేజీ దగ్గర స్కేలు ఆగిపోయింది.

"చేప వరుస తప్పు. ఇక్కణ్ణించి ఒక గడి కుడికి జరుపు. ఖాళీలు రెండుండాలి."

నేను వంగి చూశాను. నల్లపట్టీలన్నీ దేని చోట అది ఉన్నాయి. "అదేంటన్నయ్యా..." అన్నానో లేదో, బల్ల కింద వదిన నా కాలు తొక్కింది. సరే, జరిపి చూద్దామనుకున్నాను. మీట నొక్కగానే పై అక్షరాలతో కలవక పేజీ సగం నుంచి నలుపంతా రాలిపోయింది. చేప వరుసలో చివరి అక్షరం అంచు దాటి బయటికి వచ్చేసింది.

"నలుపు పోతోంది," అన్నాను మెల్లగా.

"నలుపు కోసం వరుస రాస్తామా? వరుసని బట్టి నలుపు వస్తుంది గానీ!"

నా బుర్ర గిర్రున తిరిగింది. అచ్చం పాత అన్నయ్య మాటే, ఆ విసురుతో సహా. ఒకవేళ ఈయనకి నాకు తెలియనిదేదో తెలుసేమో. నెలల తరబడి ఆలోచించి మనసు మార్చుకున్నాడేమో. లేక ఇది చెంచాని దువ్వెన అనుకునే పూటా? రెండు ఖాళీలు వద్దని నాతో వారం రోజులు పోట్లాడింది ఈయనే కదా! తెర వైపు చూస్తే అది తప్పని తెలుస్తోంది, ఆయన మొహం చూస్తే ఒప్పేమో అనిపిస్తోంది.

నీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. వదిన వెనకే వచ్చింది.

"అది తప్పు వదినా. ఆయనే అప్పట్లో కాదన్నాడు."

"తప్పయితే అవనీ. ఎన్నాళ్ళకి ఆ మొహంలో కళ వచ్చిందో చూశావా? నీకు దణ్ణం పెడతాను, ఇవాళ మాత్రం ఎదురు చెప్పకు."

"అచ్చయ్యాక చూసినవాళ్ళు ఆయన్నే కదా నవ్వుతారు?"

"నవ్వనీ. ఇంట్లో ఏడవకుండా ఉంటే చాలు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నోరు మూసుకుని వచ్చి, ఆయన చెప్పినట్టే ఆ పేజీ ప్రింటు తీసి ఇచ్చాను. అన్నయ్య తృప్తిగా తల ఊపాడు. కళ్ళు లాగుతున్నాయి, కాసేపు పడుకుని లేచాక సంతకం పెడతానన్నాడు.

లేచి వచ్చేసరికి సాయంకాలమైంది. మొహం కడుక్కుని కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు. మూడో పేజీ మీద స్కేలు పెట్టి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"ఈ చేప వరుస ఎవరు చెడగొట్టారు?"

నేను మిగతా కాగితాలు సర్దసాగాను.

"నిన్నే అడుగుతున్నా చిట్టీ. ఎవరు జరిపారిది?"

"నువ్వే జరపమన్నావన్నయ్యా."

"నేనా? ఎప్పుడు?"

"పొద్దున్న, ఇక్కడే కూర్చుని."

ఆయన వదిన వైపు చూశాడు. వదిన తల దించుకుంది. గోడ వైపు చూసి ఏదో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదని ఆయన మొహంలోనే తెలిసింది.

"నేను చెప్పినప్పుడు నీకు తెలుసా, ఇది తప్పని?"

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు. "తెలుసు," అన్నాను.

"మరి నాతో ఎందుకు పోట్లాడలేదే?"

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎదుట నాకు మాట దొరకకపోవడం అదే మొదటిసారి. అన్నయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"డాక్టరు చెప్పినప్పుడు వాడికేం తెలుసులే అనుకున్నాను," అన్నాడు. "నువ్వే ఊరుకున్నావంటే, ఇక నమ్మక తప్పదు."

వదిన బావురుమంది. నాకు ఏడుపు రాలేదు. ఆయన్ని కంగారు పెట్టకూడదనుకుని ఏం పని చేశానో అప్పుడు అర్థమైంది. ఏదో ఒకటి అరవాలనిపించింది, తిట్టాలనిపించింది. లాప్‌టాప్ ముందు కూర్చుని చేప వరుసను వెనక్కి జరిపాను. నల్లపట్టీలు మళ్ళీ నిలబడ్డాయి. ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను.

అన్నయ్య స్కేలు ముట్టుకోలేదు. కాగితం వైపు కూడా సరిగా చూడలేదు. పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉందా అమ్మా?"

జన్మలో ఆయన నన్ను ఆ మాట అడిగి ఎరగడు. ఉందన్నయ్యా, అన్నాను.

సంతకం పెట్టేశాడు.