డీ డ్రైవ్‌లో భద్రంగా ఉంది

నేను ఒక హార్డ్ డిస్క్‌ని. కంప్యూటర్ నెమ్మదించినప్పుడు మీరు తిట్టేది మానిటర్‌ని, అరచేత్తో బాదేది డబ్బాని, ఆడిపోసుకునేది కరెంటాఫీసుని. లోపల నిమిషానికి ఏడువేల రెండువందల చుట్లు తిరుగుతూ మీ సమస్తాన్నీ మోసే నా మొహం మీలో ఎంతమంది చూశారో చెప్పండి? పోనీలెండి, చూసినవాళ్లు మాత్రం ఏం ఉద్ధరించారు గనక!

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక కార్ఖానాలో. ఒక్క దుమ్ము రేణువు లోపలికి దూరినా నా పని సరి. అందుకని నన్ను చేసినవాళ్లు నెత్తి నుంచి కాళ్లదాకా తెల్లబట్టలు కప్పుకుని, గట్టిగా తుమ్మడానికి కూడా భయపడేవాళ్లు. అంత మర్యాదగా పుట్టిన నన్ను ధర్మవరం తెచ్చి, గంగరత్నం ఇంటి ముందు గదిలో ఒక డబ్బాలో బిగించారు. మొదటి దసరాకే ఆ డబ్బాకి గాలి పోయే చిల్లులున్నచోట చూసి మరీ పసుపు పూసి, కుంకుమ అద్ది, పైన నిమ్మకాయ కోసి పిండారు. భక్తికి కొదవలేదు. బుద్ధికే ఉంది.

గంగరత్నం పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేది. తెరమీద వేల గడులు, ఒక్కో గడి ఒక్కో పోగు. ఆమె నింపిన గడుల్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గాలకు ఎక్కించేవాళ్లు. పనిమంతురాలు, కాదనను. వంక పెట్టడమే నా స్వభావమైనా ఆమె గీతకు మాత్రం వంక పెట్టలేను. తొమ్మిదేళ్లలో గీసిన ప్రతి అంచూ నాలోనే దాచింది. ఆ గీతల మీదే ఆమె ఇల్లు నడిచేది.

ఏడేళ్లు దాటాక నా ఒంట్లో అక్కడక్కడా మచ్చలు పడ్డాయి. అక్కడ రాసింది మళ్లీ చదవలేకపోయేదాన్ని. దాచిపెట్టానా? లేదే! రోజూ పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చెయ్యగానే నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలతో మొత్తుకున్నాను. డిస్క్ చెడిపోతోంది, ఉన్నదంతా వెంటనే వేరేచోట దాచుకోండి, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కండి అని. మూడు ముక్కల్లో ఆమెకు పనికొచ్చింది చివరిదొక్కటే. ‘ఆన్ చేసినాక ఎఫ్1 నొక్కవలెను’ అని చీటీ రాసి మానిటర్‌కు అతికించింది. పధ్నాలుగు నెలలపాటు నా చావుకబురు నేనే చెప్పుకోవడం, ఆమె ఎఫ్1 నొక్కి నా నోరు మూయడం. ఎవరికి చెప్పుకోను?

ఇక డీ డ్రైవ్ సంగతి. మీకందరికీ ఉన్న పిచ్చే ఇది. సీలో పెడితే పోతుంది, డీలో పెడితే భద్రం అని ఎవరు చెప్పారో గాని ఊరూరా నమ్మేశారు. అయ్యా, సీ అన్నా డీ అన్నా రెండూ నా కడుపే! ఒకే పళ్లేనికి మధ్యలో గీత గీసి ఇటు పప్పు, అటు కూర పెట్టుకున్నారు. పళ్లెం కింద పడితే కూర మాత్రం గాల్లో నిలబడుతుందా?

అసలు కథకు వస్తాను. రెండేళ్ల కిందట గంగరత్నం తంగేడు అంచు గీసింది. కొండ పక్కన ఎండకు వంగిన తంగేడు కొమ్మ, మధ్యమధ్య విచ్చీ విచ్చని మొగ్గలు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి సావుకారి రాజగోపాల్‌కు చూపించింది. “ఇది యాడ అమ్ముడుబోతాది లేమ్మా” అని పెదవి విరుస్తూనే, చూసి ఇస్తానని పెన్‌డ్రైవ్ ఉంచేసుకున్నాడు. సావుకార్లే వద్దంటే ఎవరు నేస్తారని ఆమె మళ్లీ దాని జోలికి పోలేదు. ఏడాది తిరక్కుండా అదే అంచు అతని కొట్లో చీరల మీద వేలాడింది. పైగా తనే గీయించానని, తేదీ వేసి మరీ డిజైన్ల పుస్తకం కూడా అచ్చువేశాడు.

గంగరత్నం ఊరుకోలేదు. డిజైనర్ల సంఘానికి ఎక్కింది. సంఘం పెద్ద లింగప్ప నెమ్మదస్తుడు. “రత్నమ్మా, ఆయప్ప పుస్తకం మీద తేదీ ఉండాది. నీ కాడ అంతకుముందు తేదీ ఉండే ఫైలు ఉంటే సోమారం పొద్దున తీసుకురా. అంచు నీదని పదిమందిలో నేనే సెప్తా” అన్నాడు. ఆ ఫైలు నాలో ఉంది. తేదీతో సహా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆమెకు ఇంకా కావలసివచ్చింది! పెద్దమనుషుల ముందు కంప్యూటర్ మెల్లగా తెరుచుకుంటే పరువు పోతుందట. చుట్టాలొస్తున్నారని ఇల్లు కడిగినట్టు, నన్ను కడిగించాలనుకుంది. శనివారం మధ్యాహ్నం మస్తాన్‌వలిని పిలిచింది. ఇతను ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, కంప్యూటర్ విద్య వీడియోల్లో నేర్చుకున్న మహానుభావుడు. ఏ రోగానికైనా అతని దగ్గర ఒకటే మందు.

“ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఏస్తే గుర్రం మాదిరి ఉరుకుతాదక్కా.”

“నా డిజైన్లు పోవు గదప్పా?”

“డీలో ఉండాయి గదా? నేను కొట్టేది సీ ఒక్కటే. నిమ్మళంగా ఉండు.”

ఆమె నిమ్మళించి వంటింట్లోకి పోయింది. మస్తాన్ మొదలుపెట్టాడు. సగం దాకా పోయి నా మచ్చల దగ్గర ఆగిపోయింది. ఎర్రర్. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఎర్రర్. మూడోసారి ఈ డిస్క్ మీద ఇన్‌స్టాల్ చెయ్యడం కుదరదని తెర తెగేసి చెప్పింది. బుర్రున్నవాడైతే అక్కడ ఆగాలి. నాలో ఉన్నదంతా వేరే డిస్క్‌లోకి తీసి, కొత్తదాన్ని బిగించి, నన్ను పక్కన పడెయ్యాలి. అంతే వైద్యం. మస్తాన్ మాత్రం ఫోన్ తీసి వీడియో పెట్టాడు. అందులో ఎవడో నల్లటి తెర తెరిచి, డిస్క్ సున్నా ఎంచుకుని, ‘క్లీన్’ అని కొట్టమన్నాడు. డిస్క్ సున్నా అంటే సీ కాబోలు, డీ ఇంకోటి కాబోలు అనుకున్నాడు ఈ మేధావి. గంట కిందటే డబ్బా మూత తీసి దుమ్ము ఊదాడు. లోపల ఉన్నది నేనొక్కదాన్నే అని రెండు కళ్లతో చూశాడు కూడా!

కొట్టాడు. ఒక్క క్షణం పట్టింది.

తర్వాత కొత్త విండోస్ నల్లేరు మీద బండిలా ఎక్కింది. “సూపర్‌గా ఉండాదక్కా” అన్నాడు. గంగరత్నం చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, డీ తెరువు అంది. డీ లేదు. మస్తాన్ తెల్లమొహం వేశాడు. ఆమెకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక మౌస్ తనే లాక్కుని ప్రతి మూలా వెతికింది. “తొమ్మిదేండ్లు గదరా మస్తానూ” అంది. తిట్టినా బాగుండేది.

ఆదివారమంతా మస్తాన్ కదల్లేదు, అన్నం కూడా ముట్టలేదు. పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టి నన్ను గీకాడు. నేనూ చచ్చీచెడీ తిరిగాను. సాయంత్రానికి ఏ మొక్కు ఫలించిందో, తంగేడు అంచు బయటపడింది. కొమ్మ ఉంది, మొగ్గలున్నాయి, ఒక్క గడి చెదరలేదు. ఇద్దరూ ఏడ్చారు. నాకూ కాస్త గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

సోమవారం డబ్బాను ఆటోలో సంఘం ఆఫీసుకు తీసుకుపోయారు. పదిమంది చూస్తుండగా గంగరత్నం అంచు తెరిచింది. లింగప్ప ముందుకు వంగి, “తేదీ సూపియ్యమ్మా” అన్నాడు. చూపించింది. ఆదివారం తేదీ ఉంది. అంటే నిన్నటిది. గడులు దొరికాయి గాని, ఏది ఎప్పుడు గీసిందో రాసి ఉండే పట్టిక క్లీన్ దెబ్బకు, దానిమీద ఎక్కిన కొత్త విండోస్‌కు కొట్టుకుపోయింది. వెతికి తీసిన రోజే పుట్టినరోజైపోయింది.

రాజగోపాల్ పడీపడీ నవ్వాడు. “నా చీర జూసి నిన్న గీసినావా రత్నమ్మా?”

మస్తాన్ జరిగింది చెప్పబోతే, ఆ నవ్వు కింద అతని మాట అణిగిపోయింది. లింగప్ప తల దించుకుని, అంచు రాజగోపాల్‌దని, గంగరత్నం ఇకమీద దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని చెప్పాడు. “అది నాదే సామీ, నా చేత్తో గీసినా” అని ఆమె మూడుసార్లు అంది. మూడోసారికి కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఆ మధ్యాహ్నమే మస్తాన్ కొత్త డిస్క్ తెచ్చి, డబ్బు వద్దంటూ బిగించి, నన్ను ఊడదీసి బల్లమీద పెట్టాడు. పాత ఇనుముకు వేసెయ్యమన్నాడు. అతను పోయాక గంగరత్నం నన్ను చేతిలోకి తీసుకుంది. అన్నేళ్లలో ఆమె నన్ను చూడడం అదే మొదలు. చీర కొంగుతో తుడిచి, మెల్లగా అడిగింది.

“నీకు తెల్సు గదా?”

తెలుసు తల్లీ. ఆషాఢం, గురువారం, పగలు మూడు గంటల ఇరవై నిమిషాలు. బయట వాన తుంపర. మొదటి మొగ్గ నచ్చక నాలుగుసార్లు చెరిపావు, అయిదోసారి నీలో నువ్వే నవ్వుకున్నావు. నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇన్నేళ్లూ మీ మనుషుల్ని తిట్టిపోస్తూ తిరిగాను గాని, ఒక మనిషి నన్ను నమ్మి ఒక్క మాట అడిగితే చెప్పడానికి నాకు నోరు లేదు. కరెంటు తీగ, నా మాట తెరదాకా మోసే తీగ, రెండూ అప్పటికే పీకేశారు.