వెనక వరుస రోజాలు

కుండీల మీద రాలిన ఎండాకులను ఏరి బుట్టలో వేసుకుంటూ నర్సరీలో వెనక వరుస దాకా వచ్చాను. చలి తగ్గింది. కనకాంబరాలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ముందు వరుసల్లో రోజాలు పూశాయి. ఎర్రవి, పసుపువి, అంచులు మాత్రమే ఎర్రబారినవి. చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

ఇవన్నీ మా నాయన కట్టిన అంట్లు. అడవి రోజా కాండానికి మంచి రోజా మొగ్గను అతికించి, అది చిగురు వేశాక అడవి కొమ్మను కోసెయ్యాలి. బాగేపల్లి చుట్టుపక్కల మా నాయన వెంకటేశప్ప అంటు అంటే పేరు. పోయిన వానల్లో ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు అమ్మ చూస్తుండగానే అడవి కొమ్మను వదిలి మంచి చిగురును కోసేశాడు. అమ్మ అనేదాకా ఆయనకు తెలియలేదు. ఆ రోజుతో పని ఆపేశాడు.

తర్వాత చిక్కబళ్ళాపురంలో ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు బస్సు బోర్డులు దూరం నుంచే చదువుతాడు. నర్సరీకి మాత్రం రాడు. తన చేయి ఇంకా పనికొస్తుందో లేదో ఆ వానల్లో కట్టినవాటికి పూలొస్తే తెలుస్తుందని, అప్పటిదాకా పిలవొద్దని అన్నాడు.

ఆ అంట్లున్న వెనక వరుసలో ఎర్ర రోజాల నడుమ అక్కడక్కడ చిన్న తెల్లపూల గుత్తులు కనిపించాయి. అడవి రోజాలు. బుట్ట పక్కన పెట్టి ఆ మొక్కలన్నిటినీ మొదలుకంటా వంగి చూశాను.

ఇంతలో చింతామణి నుంచి ఏటా మొక్కలకు వచ్చే మునికృష్ణప్ప వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏమ్మా అంబికా, కంచెకేసే కంపను గూడా కుండీల్లో పెట్టి అమ్ముతాండారా?" అని నవ్వాడు. నవ్వుతూనే ముందు వరుసల్లోంచి మంచివి ఏరుకుని ఆటోలో పెట్టించుకున్నాడు. నాయన అంటు కట్టకపోతే వచ్చే ఏడు ఇటువైపు రానని కూడా చెప్పి వెళ్ళాడు.

అమ్మ ఆ తెల్లపూల మొక్కలను పీకి పారెయ్యమంది. అవి కంటబడితే ఆయన ఇక అరుగు దిగడని ఆమె భయం. నాకు దాచబుద్ధి కాలేదు. ఎర్ర రోజా కుండీ ఒకటి, తెల్లపూల కుండీ ఒకటి పట్టుకుని రోడ్డు దాటి ఇంటికి పోయి, అరుగు మీద నాయన ముందు పెట్టాను. అమ్మ నా వెనకే వచ్చి లోపలికి పోయింది.

నాయన శెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఎర్ర రోజాను చూసీ చూడనట్టు వదిలేసి, తెల్లపూల కుండీని దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలితో మట్టి తోసి చాలాసేపు వంగి చూశాడు. కాండం మొదట్లో, చిగురు కోసేసిన చోట గోరంత మొద్దు ఉంది.

"అంటు బాగానే అతుక్కోనుండాది," అన్నాడు. "కండ్లు కనపడక కోసేటప్పుడు దీన్నే కోసినా. ఇట్లాంటివి ఎన్నుండాయి?"

"వెనక వరుసలో కొన్ని. మిగతావన్నీ నీ రోజాలే నాయనా."

"అసలు అతకనిది ఏమన్నా ఉండాదా?"

"లేదు. అన్నిట్లోనూ ఈ మొద్దు ఉండాది. నేను చూసినా."

ఆయన ఆ మొద్దును వేలితో మెల్లగా తడిమాడు. రాగిముద్ద అయింది, లేచి రమ్మని లోపల్నుంచి అమ్మ పిలిచింది. నాయన ఒళ్ళోని కాయలు చాటలో పోశాడు. పంచె దులుపుకుని, చెప్పులు తొడుక్కుని, అరుగు దిగి నర్సరీ వైపు నడిచాడు.